మూడువేలు దాటాక

ఆదివారం ఆరాధన మానుకుని రాజమండ్రి బయల్దేరడం చిట్టియ్యకి మొదటి నుంచీ ఇష్టం లేదు. కానీ పిలిచింది మిల్లు యజమాని గణేష్‌బాబు. పిలిచిన పద్ధతి కూడా కాదనలేనిది. "లక్షలు పోసి స్పీకర్లు కొంటున్నాను చిట్టియ్యా. నువ్వొచ్చి విని చెప్పాలి. నీ చెవి మీద ఉన్న నమ్మకం నాకు నా చెవి మీద లేదు" అన్నాడు ఫోన్‌లో. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో యజమాని నోట అలాంటి మాట విన్నవాడు ఎవడైనా ఒక వారం చర్చి ఎగ్గొడతాడు. చిట్టియ్య కూడా ఎగ్గొట్టాడు. భార్య కృపారాణి గుమ్మంలో నిలబడి ఏదో గొణిగింది. ఆ గొణుగుడు మూడేళ్లుగా అతనికి ఒళ్లు మండించే వ్యవహారం. "చెప్పేదేదో నోరు తెరిచి చెప్పు" అని కసిరి కారెక్కాడు.

మండపేటలో గణేష్‌బాబు బియ్యం మిల్లుకి చిట్టియ్య ఫిట్టరు. ఫిట్టర్లకేం, వీధికొకడు దొరుకుతాడు. చిట్టియ్య మాత్రం పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి, ఆ బేరింగ్ ఇంకెన్ని రోజులు నిలుస్తుందో చెప్పేస్తాడు. చెప్పింది తప్పడం ఎవరూ చూడలేదు. ద్వారపూడి నుంచీ రామచంద్రపురం నుంచీ కూడా మిల్లులవాళ్లు కబురుపెట్టి మరీ తీసుకెళ్తారు. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషికి నలుగురిలో ఉన్న గౌరవమంతా ఆ చెవుల వల్ల వచ్చిందే.

గణేష్‌బాబు మిల్లు వెనకే కొత్త ఇల్లు కట్టుకున్నాడు. మేడ మీద ఒక గది పాటలు వినడానికే ప్రత్యేకం. కడియం దాటేదాకా మొక్కల లారీల వెనక కారు నత్తనడక నడుస్తుంటే, అతను ఆ గది గురించే చెప్పాడు. "ఇలాంటివి వినకుండా కొనకూడదు. రెండు మూడు రకాలు పక్కపక్కన పెట్టించుకుని, అదే పాట అన్నింట్లోనూ వినాలి. తేడా పట్టుకోవాలి. తేడా పట్టుకోవడం నీకు వెన్నతో పెట్టిన విద్య కదా." చిట్టియ్య లోలోపల ఉబ్బిపోయాడు. అంతలా ఉబ్బిపోయినందుకు ఆ తరవాత తనని తానే తిట్టుకున్నాడు.

రాజమండ్రి దానవాయిపేటలో షాపు. షాపంటే బోర్డు పెట్టి, షట్టరు ఎత్తి అమ్మే షాపు కాదు. ముందుగా ఫోన్ చేసి టైం తీసుకుని వెళ్లాలి. మేడ మెట్లెక్కగానే సత్యప్రసాద్ అనే ఆయన ఎదురొచ్చి, గణేష్‌బాబుకి నమస్కారం పెట్టి, చిట్టియ్య వైపు చూసి, "డ్రైవరు గారు కింద కూర్చోవచ్చండి, ఫ్యానుంది" అన్నాడు.

"డ్రైవరు కాదండి. మా మిల్లు ఫిట్టరు. ఇవాళ వినేది ఆయనే" అన్నాడు గణేష్‌బాబు.

లోపలి గదికి మందపాటి తలుపు. అది మూసుకోగానే వీధి మొత్తం మాయమైపోయింది. ఆటోల్లేవు, హారన్లు లేవు. గోడల నిండా ఏవో మెత్తటి పలకలు, కింద తివాచీ, ఎదురుగా నిలువెత్తు స్పీకర్లు రెండు జతలు. సరిగ్గా మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. అందులో గణేష్‌బాబు కూర్చున్నాడు. చిట్టియ్య వెనక నిలబడ్డాడు. అంత నిశ్శబ్దంలో అతను ఎప్పుడూ నిలబడలేదు. ఎక్కడో సన్నగా ఈల వేస్తున్నట్టు వినిపించింది.

"మీ మిషన్లో ఏదో ఈల వేస్తోందండి" అన్నాడు.

సత్యప్రసాద్ తెల్లబోయాడు. "ఇంకా ఏదీ ఆన్ చెయ్యలేదండి."

"మా వాడికి తీగలో కరెంటు పారడం కూడా వినపడుతుందండి" అని నవ్వాడు గణేష్‌బాబు. చిట్టియ్య కూడా నవ్వాడు. ఈల మాత్రం ఆగలేదు.

మొదటి జతలో ఒక ఆడమనిషి పాట పెట్టారు. వెనక వీణ, మృదంగం. మృదంగం మోగినప్పుడల్లా చిట్టియ్య మొహం ముడుచుకుంటోంది. పాట సగంలోనే ముందుకి నడిచి, అడగా పెట్టకుండా ఎడమ పక్క స్పీకరు మీద అరచెయ్యి వేశాడు. సత్యప్రసాద్‌కి గుండె ఆగినంత పనైంది. ఒక్కో స్పీకరు ఖరీదుతో చిట్టియ్య ఉండే పేటలో రెండు డాబాలు లేస్తాయి.

"కింద కాలు బోల్టు వదులైందండి. కుడివైపు వెనకది. మృదంగం మోగినప్పుడు అదురుతోంది" అన్నాడు చిట్టియ్య.

సత్యప్రసాద్ వంగి చూశాడు. బోల్టు నిజంగానే అర చుట్టు వదులై ఉంది. లేచి చిట్టియ్యకి చెయ్యి కలిపాడు. "ఎనిమిదేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నానండి. ఇలా పట్టుకున్నవాళ్లని చూళ్లేదు." గణేష్‌బాబు కుర్చీలో వెనక్కి వాలి, ఆ మెప్పు తనదే అయినట్టు కాలు మీద కాలు వేసుకున్నాడు.

అక్కడితో ఆపేసి ఇంటికొచ్చేస్తే ఆ ఆదివారం చిట్టియ్య జన్మలో మంచి రోజుగా మిగిలిపోయేది.

"ఇప్పుడు అసలు తేడా వినండి. పాట చివర తాళాలు మోగుతాయి. మొదటి జతలో ఆ మోత కోసేసినట్టు ఆగిపోతుంది. రెండో జతలో సన్నగా సాగి, గాల్లో కలిసిపోతుంది. దానికే అంత ధర" అన్నాడు సత్యప్రసాద్. ముందు ఒక జతలో పెట్టాడు, తరవాత రెండోదాంట్లో. గణేష్‌బాబు కళ్లు మూసుకుని, "అబ్బ" అన్నాడు. తరవాత వెనక్కి తిరిగి, "ఏం చిట్టియ్యా, ఎలా ఉంది?" అని అడిగాడు.

చిట్టియ్యకి వినపడింది చెక్క మీద చెక్క తగిలినట్టు ఒక దెబ్బ. రెండింట్లోనూ అదే దెబ్బ. సాగడం, కలవడం లాంటివేమీ లేవు.

"రెండూ ఒకటేనండి బాబుగారూ."

"సరిగ్గా విను." మళ్లీ పెట్టారు. మళ్లీ అదే దెబ్బ. గణేష్‌బాబు మొహంలో చిరాకు కనిపించింది. పెళ్లివారి ముందు పిల్లాడు పద్యం మర్చిపోతే తండ్రికి వచ్చే చిరాకు అది.

సత్యప్రసాద్ మాత్రం చిరాకు పడలేదు. టీవీ లాంటి తెర వెలిగించి, "ఒకసారి ఇది విందామండి. ఒట్టి కూత. అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది. వినపడినంతసేపు చెయ్యెత్తి ఉంచండి చాలు" అన్నాడు. తెర మీద వెయ్యి అని పడింది. కూత గట్టిగా వినిపించింది. ఇద్దరూ చెయ్యెత్తారు. రెండువేలు. అదీ వినిపించింది. మూడువేలు అన్నప్పుడు ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది. చిట్టియ్య మెడ చాచి పట్టుకున్నాడు. తరవాత నాలుగువేలు అని పడింది. చిట్టియ్య చెయ్యి దించి ఎదురుచూశాడు. గణేష్‌బాబు ఎందుకో మొహం చిట్లించి ఒక చెవి మూసుకున్నాడు. సత్యప్రసాద్ తెర వైపు కాకుండా చిట్టియ్య వైపే చూస్తున్నాడు.

"ఎప్పుడు పెడతారండి?" అన్నాడు చిట్టియ్య.

"పెట్టానండి" అన్నాడు సత్యప్రసాద్ మెల్లగా. "మోగుతోంది."

చిట్టియ్య నమ్మలేదు. స్పీకరు దగ్గరికెళ్లి చెవి ఆనించాడు. అంకెలు అయిదువేలు, ఆరు, ఎనిమిది అని మారుతూ పోయాయి. అతనికి వినిపించింది తన తలలో ఉన్న ఈల ఒక్కటే. అది గదిలో లేదని, ఏ మిషన్లోనూ లేదని అప్పుడు అర్థమైంది. ఎవరూ చెప్పకుండానే తివాచీ మీద కూర్చుండిపోయాడు.

"నాకు పదిహేనువేల దాకా వినపడిందండి" అన్నాడు గణేష్‌బాబు.

"మీవి పాతికేళ్ల కుర్రాడి చెవులండి సార్" అన్నాడు సత్యప్రసాద్. అలవాటుగా అనేశాడు పాపం, అన్నాక నాలిక కరుచుకున్నాడు.

గణేష్‌బాబు మాత్రం సంతోషించాడు. చిట్టియ్య ఆ సంతోషాన్ని కింద కూర్చుని చూశాడు. ఇద్దరూ ఒకే మిల్లులో ఉన్నవాళ్లే. ఒకడు షెల్లర్ల మధ్య, అంటే వడ్ల మీద ఊక వలిచే మిషన్ల మధ్య, ఇరవై ఎనిమిదేళ్లు నిలబడ్డాడు. రెండోవాడు ఏసీ ఆఫీసుకి రెండు పొరల అద్దం బిగించుకుని కూర్చున్నాడు. ఆ అద్దం బిగించింది కూడా చిట్టియ్యే. మూడేళ్ల కిందట అతనే వెళ్లి, "ఊక ఊదే బ్లోయర్ చుట్టూ పెట్టె కట్టి లోపల రబ్బరు వేద్దామండి, ఆడవాళ్లు తలనొప్పులంటున్నారు" అని అడిగాడు. "మిల్లన్నాక చప్పుడు కాకపోతే సన్నాయి మోగుద్దా" అన్నాడు యజమాని. ఆ వేళ ఆ హాస్యానికి చిట్టియ్య కూడా నవ్వి ఊరుకున్నాడు. అదే ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ మండుతోంది.

"ఇది తిరిగి రాదండి. ఉన్నది పోకుండా చూసుకోవాలి. చెవుల డాక్టరుకి చూపించండి" అని సత్యప్రసాద్ చిట్టియ్య ఫోన్ తీసుకుని, ఆ కూత పెట్టే యాప్ అందులో వేసి ఇచ్చాడు. అమ్ముకునేవాడే అయినా ఆ మాత్రం మనసుంది.

గణేష్‌బాబు రెండో జత ఖాయం చేశాడు. తరవాత గది గోడల పలకల మీద చెయ్యి వేసి నిమురుతూ అడిగాడు. "ఇవి కూడా కావాలండి. తలుపు కూడా ఇలాంటిదే. మా మిల్లు ఇంటి పక్కనే. ఆ చప్పుడు నా గదిలోకి చుక్క కూడా రాకూడదు."

తిరుగు ప్రయాణంలో కారు ద్వారపూడి చేరింది. ఆపుకోలేక చిట్టియ్యే అన్నాడు. "బాబుగారూ, ఆ పలకలేవో మన బ్లోయర్‌కి కూడా వేయిద్దామండి."

"మిల్లు వినడానికా, పని చెయ్యడానికా?" అన్నాడు గణేష్‌బాబు స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ. తరవాత గొంతు మెత్తబరిచాడు. "చూడు, ఈ సంగతి మిల్లులో అనకు. ఆడవాళ్లు ఒకటంటే పది అల్లుతారు. వారం రోజుల్లో ఐటీఐ చదివిన కొత్త ఫిట్టరొస్తాడు. ఈలోగా మిల్లు తాళాలు అప్పగించేసి నువ్వు గోడౌన్లో బస్తాలు చూసుకో. జీతం తగ్గించనులే. చెవుల్లేని ఫిట్టరుతో మిల్లు ఎలా నడుస్తుంది, నువ్వే చెప్పు."

నోరు తెరిస్తే ఏం వస్తుందోనని చిట్టియ్యకే భయమేసింది. అంత కోపం తనలో ఉందని యాభై రెండేళ్లు వచ్చాక తెలిసింది. చెవులు తీసుకున్నవాడే చెవుల్లేవని పక్కన పెడుతున్నాడు. పైగా జీతం తగ్గించనని దయ చూపిస్తున్నాడు.

ఇంటికొచ్చి కృపారాణిని గోడ వైపు తిరిగి ఏదైనా మాట్లాడమన్నాడు. ఆమె వింతగా చూసి, తిరిగింది. భుజాలు కదిలాయి. మాటలు రాలేదు, వచ్చినా అతన్ని చేరలేదు.

"ఏమన్నావు?"

ఆమె ఇటు తిరిగి, రోజూ అతనితో మాట్లాడే గట్టి గొంతుతో చెప్పింది. "మీకు వినపడట్లేదని మూడేళ్లుగా చెబుతున్నానండి. చెప్పినప్పుడల్లా గొణుగుతున్నానని కసిరారు. అందుకని అరవడం నేర్చుకున్నాను. అరిస్తే పెంకి అన్నారు."

చిట్టియ్య తల దించుకున్నాడు. మూడేళ్ల కసుర్లన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. వాటిలో ఒక్కటీ ఆమె చేసిన తప్పు కాదు.

"మీ ఒక్కరికేనా?" అంది కృపారాణి, గొంతు కొంచెం తగ్గి. "మీ షెల్లర్ల దగ్గర ఊక తీసే పాపాయమ్మ లేదూ? చర్చిలో ప్రార్థన అయిపోయి అందరూ లేచినా అది కళ్లు మూసుకునే ఉంటుంది. పాస్టరు గారి ఆమేన్ దానికి వినపడదు. పక్కనున్నవాళ్లు భుజం తట్టాలి. ఎంత భక్తో అని ముసలమ్మలు మెచ్చుకుంటారు. నాకు తెలుసు అది భక్తి కాదని. ముప్పై నాలుగేళ్లండి దానికి."

ఆ ముక్క విన్నాక చిట్టియ్య అన్నం ముట్టలేదు.

సోమవారం పొద్దున్న ఆరింటికి మిల్లు మొదలవ్వాలి. తాళాలు ఇంకా చిట్టియ్య దగ్గరే ఉన్నాయి. లోపలికి వెళ్లాడు కానీ మెయిన్ స్విచ్ వెయ్యలేదు. షెల్లర్ల దగ్గర పనిచేసే పదకొండు మందినీ ధాన్యం ఆరబోసే గచ్చు మీదకి పిలిచి, వీపులు ఇటు తిప్పి నిలబడమన్నాడు. కాటా దగ్గర చీటీలు రాసే వెంకటదుర్గని బతిమాలి, ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఆమె అద్దాల గదిలో కూర్చునే మనిషి.

"నువ్వు నొక్కమ్మా. మోగిందో లేదో నాకు తెలీదు, నువ్వే చెప్పాలి."

వెంకటదుర్గ వెయ్యి నొక్కింది. పదకొండు చేతులూ లేచాయి. రెండువేలకి తొమ్మిది. నాలుగువేలకి నాలుగు చేతులు లేచాయి. మిగతా ఏడుగురూ బుద్ధిగా నిలబడి, మోగేదాకా ఆగుదామని ఎదురుచూస్తున్నారు. పాపాయమ్మ అయితే చెయ్యి ఎప్పుడెత్తాల్సి వస్తుందోనని పైట సర్దుకుని సిద్ధంగా ఉంది. వెంకటదుర్గ ఫోన్ దూరంగా పట్టుకుని, "ఆపేస్తానండి చిట్టియ్య గారూ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అంది. అంటూనే ఆ ఏడు వీపులూ చూసింది.

చిట్టియ్య వాళ్లని ఇటు తిప్పి, రాజమండ్రిలో జరిగింది మొత్తం చెప్పాడు. గట్టిగా, ఒక్కో ముక్కా విడదీసి చెప్పాడు. పలకల సంగతి చెప్పాడు, రెండు పొరల అద్దం సంగతి చెప్పాడు. బ్లోయర్‌కి పెట్టె కట్టి, అందరి చెవులూ డాక్టరుకి చూపించేదాకా స్విచ్ వెయ్యనన్నాడు. తన పని పోతుందని అతనికి తెలుసు. ఎలాగూ పోయిందే కాబట్టి ధైర్యం వచ్చిందని ఎవరైనా అంటే కాదనడు.

ఆరున్నరకి గణేష్‌బాబు వచ్చాడు. మిల్లు మోగకపోవడం ఇంట్లోకి ఇట్టే వినిపించి ఉంటుంది. అప్పటికే గేటు లోపల ధాన్యం ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. రైతులు దిగి నిలబడి చూస్తున్నారు. లారీ డ్రైవర్లు బీడీలు ఆర్పేసి దగ్గరికొచ్చారు. అంతమందిలో కేకలు వెయ్యడం అతనికి పరువు తక్కువ. చిరునవ్వు మొహాన పెట్టుకుని చిట్టియ్య పక్కకి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, పెదవులు పెద్దగా కదపకుండా ఏదో అన్నాడు.

"వినపడలేదండి" అన్నాడు చిట్టియ్య. నిజంగానే వినపడలేదు.

గణేష్‌బాబు ఇంకాస్త దగ్గరికి జరిగి మళ్లీ అన్నాడు.

"లేదండి బాబుగారూ."

"నాకూ వినపడలేదండి" అంది వెనక నుంచి పాపాయమ్మ. ఆమె వెటకారానికి అన్నది కాదు. యజమాని తమకేదో చెబుతున్నాడని మర్యాదగా ముందుకొచ్చింది. ఆమె వెనకే మిగతావాళ్లు కూడా చుట్టూ మూగి, మొహాలు పైకెత్తి, అతని పెదవుల వైపే చూస్తున్నారు. మిల్లులో అన్నేళ్లుగా మనుషుల మాట వాళ్లు అలాగే తెలుసుకుంటున్నారు.

గణేష్‌బాబు మొహంలోని నవ్వు కరిగిపోయింది. రైతుల వైపు చూశాడు, చిట్టియ్య వైపు చూశాడు. మూడోసారి కూడా గుసగుసగానే మొదలుపెట్టాడు. చిట్టియ్య తల అడ్డంగా ఊపేసరికి ఓపిక నశించింది.

"నీ పని నీకే ఉంచుతాను, వీళ్ల చెవుల సంగతి ఎత్తకు అంటున్నాను! ఇప్పుడైనా వినపడిందా?"

ఆ కేక గచ్చు దాటి, గేటు దాటి, రోడ్డు మీదకి వెళ్లింది. ట్రాక్టర్ల దగ్గర రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గణేష్‌బాబు తన నోటి నుంచి వచ్చిన మాట తనే విని, బిగుసుకుపోయాడు.

"ఇప్పుడు వినపడిందండి బాబుగారూ" అంది పాపాయమ్మ.

ఆమె నెమ్మదిగా నడిచి వెళ్లి, మిల్లు గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది. మిగతావాళ్లు కూడా వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు.